నలభై నిమిషాల ఉల్లిపాయలు

నేను ఒక పెనాన్ని. దోసెల పెనం అనుకునేరు, కాదు. చుట్టూ రెండు వేళ్ళ ఎత్తు అంచు, ఒక పక్క జానెడు పిడి, చిటికెన వేలంత మందం అడుగు. పోత ఇనుముతో పుట్టినదాన్ని కాబట్టి మొదటిసారి ఎత్తినవాళ్ళంతా "అబ్బో, ఏం బరువు!" అంటారు. అది నిందో మెచ్చుకోలో ఇన్నేళ్ళలో ఎవరూ నాకు విడమర్చి చెప్పలేదు. మెచ్చుకోలే అనుకుంటూ వచ్చాను.

బెజవాడలో ఒక చిన్న పోత కార్ఖానాలో నన్ను పోశారు. వేలంలో కొనుక్కొచ్చిన అరిగిపోయిన రైలు బ్రేకు దిమ్మలను కరిగించి, ఆ ఎర్రటి రసాన్ని ఇసుక అచ్చులోకి ఒంపితే నేను వచ్చాను. అంటే వెనకటి జన్మలో నా పని రైళ్ళను ఆపడం, ఈ జన్మలో మాంసం వేయించడం. సెగకు ఓర్చుకోవడం రెండు జన్మల్లోనూ తప్పలేదు.

నన్ను చేయించుకున్న మనిషి పేరు ఇన్నాసయ్య. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో, ఆవిరి ఇంజన్లు తిరిగిన రోజుల్లో, డ్రైవర్లు ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కేలోపు తిని పడుకునే విశ్రాంతి గృహం ఉండేది. రన్నింగ్ రూమ్ అనేవారు. అందులో వంటవాడు ఇన్నాసయ్య. చిన్నప్పుడు ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళల్లో పనిచేసి స్టీక్, అంటే మందంగా కోసిన మాంసం ముక్క, వేయించడం నేర్చుకున్నాడు. ఒళ్ళంతా బొగ్గు మసితో దిగిన డ్రైవర్లు స్నానం కూడా చేయకుండా ముందు ఆయన వంటింట్లోకి తొంగిచూసేవాళ్ళు.

ఆయన చేతిలో నేను చదువుకున్నాను. అంతకంటే వేరే మాట దొరకడం లేదు. మాంసాన్ని పొడిగుడ్డతో అద్దేవాడు. నా మీద సన్నగా పొగ లేచేదాకా ఆగేవాడు. "పొగ రాకముందే మాంసం వేసేవాడు వంటోడు కాదురా, ఆకలిగొట్టోడు" అనేవాడు. ఒకసారి వేశాక రెండు మూడు నిమిషాలు దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. అడుగు ఎర్రగా పట్టి, తనంతట తాను నన్ను వదిలినప్పుడే తిప్పేవాడు. ఉల్లిపాయల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేరే మనిషైపోయేవాడు. మంట అడుగంటా తగ్గించి, వెన్నలో వేసి, పక్కన పీట వాల్చుకుని కూర్చునేవాడు. తెల్లటివి అద్దంలా అయి, అద్దం తేనెలా అయి, తేనె తాటిబెల్లంలా అయ్యేదాకా లేచేవాడు కాదు.

ఆవిరి ఇంజన్లు పోయాయి. ఇంజన్ల షెడ్డు మూతపడింది. ఇన్నాసయ్య కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, అప్పుడే ఉద్యోగంలో చేరి అప్పుడే పెళ్ళి చేసుకున్న ఒక అసిస్టెంటు డ్రైవరు చేతిలో నన్ను పెట్టాడు. అతని పేరు కృపానందం. "నువ్వు బాగా తినే మనిషివి, ఎప్పుడన్నా ఒండే మనిషివి కూడా అవుతావులే" అని దీవించాడు. ఆ దీవెన ఫలించడానికి ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది.

కృపానందం భార్య రాహేలు నర్సు. కావలి ఆసుపత్రిలో ఉద్యోగం. కావలిలోనే కాపురం. ఆమె నా మీద దోసెలు పోసింది, చేపలు వేయించింది, చలికాలంలో కూతురి బట్టలు కూడా నా పిడి మీద ఆరేసింది. నేనేమీ అనుకోలేదు. తర్వాత ఎవరో గృహప్రవేశానికి నాన్‌స్టిక్ పెనం తెచ్చిచ్చారు. నల్లగా, నున్నగా, విసనకర్రంత తేలిక. నన్ను అటక ఎక్కించారు. అటక నిండాక పెరట్లోకి దించి, మల్లె కుండీ కింద నీళ్ళు పట్టే పళ్ళెంలా పెట్టారు. పదకొండేళ్ళు అక్కడే ఉన్నాను. ఒళ్ళంతా తుప్పు పట్టింది. ఎండాకాలం మాత్రం నా నెత్తిన మల్లెలు పూసేవి. వంటింట్లో మగ్గిపోయిన గిన్నెలకు ఆ భోగం లేదు కదా అని సరిపెట్టుకున్నాను.

పెరట్లోంచి వంటింటి కిటికీ, బట్టలుతికే బండ, కుళాయి కనిపించేవి. ఆ ఇంటి సంసారం నేను అక్కడినుంచే చూశాను. నిజానికి చూడటానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆయన బండి దిగి వచ్చేసరికి ఆమె డ్యూటీకి బయల్దేరేది. ఆమె వచ్చేసరికి ఆయన నిద్రపోతూ ఉండేవాడు. మధ్యలో ఒక క్యారేజీ చేతులు మారేది. ఆమె వండింది ఆయన గూడూరులోనో తెనాలిలోనో తినేవాడు. పండగలూ పుట్టినరోజులూ ఫోన్లలో జరిగిపోయేవి. కూతురు పెరిగి, పెళ్ళి చేసుకుని గుంటూరు వెళ్ళింది. దెబ్బలాడుకోవడానికి కూడా ఆ ఇద్దరికీ ఒకే సమయంలో తీరిక దొరికేది కాదు.

అప్పుడు కృపానందం రిటైరయ్యాడు.

దండలు వేసి, శాలువా కప్పి, ఒక గోడ గడియారం బహుమతిగా ఇచ్చి పంపారు. మర్నాడే ఆ గడియారాన్ని వంటింట్లో తగిలించాడు. అక్కడినుంచి మొదలైంది. పాలు కాగడం ఐదూ నలభై. కాఫీ ఐదూ యాభై ఐదు. ఇడ్లీ ఏడూ పది. ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. రాహేలుకు ఇంకా మూడేళ్ళ సర్వీసుంది, హెడ్ నర్సు అయింది. మధ్యాహ్నం ఆమె ఆటో దిగేసరికి గేటు దగ్గర నిలబడి చేతి గడియారం చూసేవాడు.

"పదకొండు నిమిషాలు లేటు."

"ఆటో దొరకలా."

"ముందే చూసుకోవాల."

అందులో కోపం ఉండేది కాదు, నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు నిమిషాలతో బతికిన మనిషికి మాట్లాడటానికి వేరే సంగతి తోచేది కాదు. కానీ రోజంతా రోగుల మధ్య నిలబడి వచ్చిన మనిషికి అది ఎలా వినిపిస్తుందో ఆయనకు తోచలేదు.

ఒక ఆదివారం సాయంత్రం రాహేలు పెరట్లో బండ మీద కూర్చుని నెల్లూరులో ఉన్న అక్క లేయమ్మకు ఫోన్ చేసింది. కృపానందం స్నానాలగదిలో కారుతున్న కుళాయి బిగిస్తున్నాడు. ఆ సంగతి ఆమె మరిచిపోయినట్టుంది.

"ఇంట్లో ఉండేది మొగుడు కాదక్కా, స్టేషన్ మాస్టరు" అంది. నవ్వుతూనే అంది. కాసేపు ఆగి, నవ్వకుండా అంది: "ముప్పై ఏళ్ళు లేని మనిషితో కాపరం చేసినా. ఇప్పుడు ఉన్న మనిషితో ఎట్ట చెయ్యాల్నో తెలియడం లా. నెల్లూరుకి బదిలీ అడుగుదామనుకుంటుండా. కాయితం రాసిపెట్టినా. రేపు కాదు, పై సోమారం ఇచ్చేస్తా. నీ ఇంటి కాడ్నించి పోయొస్తా ఉంటా, ఆదివారాలు ఇక్కడికి వస్తా."

స్నానాలగదిలో పానా చప్పుడు ఆగిపోయింది.

ఫోన్ పెట్టేసి రాహేలు అలాగే కూర్చుని ఏదో వీడియో చూసింది. ఎవరో ఒకామె ఉల్లిపాయల్ని ఎర్రగా వేయించి, స్టీక్ ముక్కలు కోసి, క్రీంలో పాస్తాతో కలుపుతోంది. రాహేలు రెండోసారి కూడా చూసింది. ఆలోగా కృపానందం బయటికి వచ్చి, పానా చేత్తో పట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు.

"ఇట్టాంటిది ఎవరన్నా చేసిపెడితే తినాలని ఉంది" అంది ఆమె. ఆయనతో అన్నట్టు లేదు. మల్లెచెట్టుతో అన్నట్టుంది.

ఆయన పానా తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కుళాయి బాగైందని కూడా చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆమె ఆటో వీధి మలుపు తిరగ్గానే కృపానందం పెరట్లోకి వచ్చి మల్లె కుండీని పక్కకు జరిపాడు. నన్ను రెండు చేతులా ఎత్తి "ఇన్నాసయ్యా, క్షమించయ్యా" అన్నాడు. పదకొండేళ్ళ తర్వాత నా అడుగుకు గాలి తగిలింది.

ఇటుక పొడి వేసి తోమాడు. చింతపండు పెట్టి తోమాడు. ఇంజన్ భాగాలు శుభ్రం చేసిన చేతులు కదా, మూల ఒక్కటి కూడా వదల్లేదు. తుప్పంతా ఎర్రటి నీళ్ళయి పోయింది. తర్వాత నూనె రాసి పొయ్యి మీద కాల్చి, చల్లార్చి, మళ్ళీ రాసి మళ్ళీ కాల్చాడు. రెండు రోజులు అదే పని. మంగళవారం మధ్యాహ్నానికి నాలో ఆయన ముఖం కనిపించింది. అది చూసి ఇద్దరం సంతోషించాం.

బుధవారం మొదటి ప్రయత్నం. దాని గురించి తక్కువ చెప్తాను.

వీడియో చూసి పద్ధతంతా నోటుబుక్కులో రాసుకున్నాడు. ఉల్లిపాయలకు నలభై నిమిషాలు అని రాసుకుని, పక్కన తన అభిప్రాయం కూడా రాశాడు: "ఇరవైలో లాగించవచ్చు." ఆలస్యంగా నడిచే బండిని వేగం పెంచి సమయానికి చేర్చడం ఆయన జీవితమంతా చేసిన పని. కాబట్టి మంట పెంచాడు. వేలెడు మందాన కోసిన ఉల్లిపాయలు అంచులు మాడి, లోపల పచ్చిగా ఉండిపోయాయి. మాంసం ఫ్రిజ్‌లోంచి తీసి తడితడిగా, అన్ని ముక్కలూ ఒకేసారి నా మీద కుమ్మరించాడు. అది వేగలేదు, ఉడికింది. నేను లోలోపల ఎంత అరిచానో ఇన్నాసయ్యకే తెలియాలి. ఆ తర్వాత పొగలు కక్కుతున్న నా మీద క్రీం పోసి, రుచికి నిమ్మకాయ కూడా పిండాడు. పాలు విరిగినట్టు విరిగిపోయింది. పక్క పొయ్యి మీద పాస్తా ఉడికి ఉడికి సంకటిలా ముద్దకట్టింది.

ఆయన దాన్నంతా ఒక కంచంలోకి తీసుకుని, వంటింట్లో నిలబడే, ఒక్క ముద్ద మిగల్చకుండా తిన్నాడు. నాకు తెలిసి అది ఆకలి కాదు, తనకు తాను వేసుకున్న శిక్ష. తర్వాత నన్ను కడగడానికి సమయం చాలక మంచం కింద దాచాడు.

రాహేలు వచ్చి గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది. "ఏందయ్యా ఈ కంపు? ఎవరన్నా టైరు కాల్చినారా?"

"పక్క వీధిలో అనుకుంటా" అన్నాడు కృపానందం. ఆ రోజు ఆమె ఎన్ని నిమిషాలు లేటో చూడటం మరిచిపోయాడు. అది ఆమె గమనించింది.

గురువారం నన్ను ఒక గుడ్డసంచిలో పెట్టుకుని మస్తాన్ కొట్టుకు తీసుకెళ్ళాడు. మస్తాన్ దున్న మాంసం కొట్టు యజమాని, అరవై దాటిన మనిషి. మాంసం నరం ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. కృపానందం జరిగిందంతా దాచకుండా చెప్పాడు. మస్తాన్ మొదట నవ్వాడు, తర్వాత నన్ను చేతుల్లోకి తీసుకుని అడుగు మీద వేలితో కొట్టి చూశాడు. గంటలా మోగాను.

"పెనం మంచిది సార్. తప్పు పెనానిది కాదు."

"నాదే అని నాకూ తెలుసు మస్తాన్. అదేందో చెప్పు."

"ఆదివారం పొద్దున రండి. అండర్‌కట్ ఇస్తా, మెత్తటి ముక్క. ఒండే ముందు అరగంట బైట పెట్టి తడి అద్దండి. రెండు ముక్కలు, అంతే, పక్కపక్కన తగలకుండా. వేగినాక పది నిమిషాలు ముట్టుకోవద్దు, అది ఊపిరి పీల్చుకోవాల. అప్పుడు నరానికి అడ్డంగా కొయ్యండి. ఇంక ఎర్రగడ్డల సంగతంటారా..." నెల్లూరు వైపు ఉల్లిపాయల్ని ఎర్రగడ్డలంటారు. మస్తాన్ కత్తి తుడుచుకుంటూ అడిగాడు: "సార్, మీ లైన్లో ఎక్కడన్నా పట్టాల పని జరగతా ఉంటే బండి ఎట్ట పోనిస్తారు?"

"పదిహేను కిలోమీటర్ల స్పీడు. కాషన్ ఆర్డరు ఇస్తారు. ఎవురు తరిమినా అంతకు మించి పోకూడదు."

"ఎర్రగడ్డ మొత్తం అంతే సార్. చివరిదాకా పదిహేనే."

కృపానందం ముఖం వెలిగిపోయింది. నోటుబుక్కు తీసి, తన పాత అభిప్రాయాన్ని రెండు గీతలు పెట్టి కొట్టేశాడు.

ఆ మూడు రోజులూ ఆయన ఉల్లిపాయలు మాత్రమే వేయించాడు. పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, అట్లకాడ చేత పట్టుకుని, ముందు పట్టాల్ని చూసినట్టే నన్ను చూస్తూ కూర్చునేవాడు. సన్నటి మంట. ఉల్లిపాయలు నా మీద మెల్లగా వంగి, మెత్తబడి, తీపి వదులుతుంటే నాకు పాత రోజులు తిరిగొచ్చినట్టుండేది. గురువారం ముప్పై నిమిషాలకు ఆత్రపడ్డాడు. శుక్రవారం కొంచెం నీళ్ళు చిలకరించడం నేర్చుకున్నాడు. శనివారం తాటిబెల్లం రంగు వచ్చింది.

వేయించినవన్నీ ఏం చేయాలి? పారేయడానికి మనసొప్పక, ఆమె వండి పెట్టిపోయిన కూరల్లో కలిపేసేవాడు.

"పప్పు తియ్యగా తగలతా ఉందే" అంది రాహేలు శుక్రవారం.

"ఈసారి కందిపప్పు మంచిది."

"సాంబారు కూడా తియ్యగా ఉంది."

"నీ చెయ్యి అట్టాంటిది."

ఆయన నోట ఆ మాట విని రాహేలు గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది. ఆ మాటను నమ్మాలో, ఆయనకు జ్వరం ఉందేమో చూడాలో తేల్చుకోలేకపోయినట్టుంది.

ఆదివారం రాహేలు పొద్దుటి డ్యూటీ వేయించుకుంది. రెండింటికి దిగుతుంది, రెండున్నరకు ఇంట్లో ఉంటుంది. కృపానందం తెల్లవారుజాము ఆరాధనకు పోయొచ్చి, మస్తాన్ కొట్టుకు పోయొచ్చి, పాత తువ్వాలు నడుముకు చుట్టుకుని పన్నెండున్నరకు పని మొదలుపెట్టాడు. మాంసం తడి అద్ది, ఉప్పూ మిరియాల పొడీ పట్టించి పళ్ళెంలో ఉంచాడు. ఉల్లిపాయలు ఈసారి కాగితంలా కోశాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నా మీద వెన్న కరిగింది, ఉల్లిపాయలు పడ్డాయి. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

ముప్పయ్యో నిమిషంలో గేటు చప్పుడైంది.

ఆమె మామూలుగా వచ్చేది రెండున్నరకు. అప్పుడింకా ఒంటిగంట దాటి పది నిమిషాలే. తర్వాతి షిఫ్టు నర్సు ముందుగా రావడంతో ఆమెను ముందే వదిలేశారు. చెప్పులు విడిచి, సంచీతో నేరుగా వంటింట్లోకి వచ్చి నిలబడింది. నడుముకు తువ్వాలు, కళ్ళల్లో నీళ్ళు, చేతిలో అట్లకాడతో కృపానందం దొంగలా లేచి నిలబడ్డాడు.

"ముందే వచ్చినావే!" అన్నాడు. ఏ బండీ ఆయన్ని అంత కంగారు పెట్టి ఉండదు.

రాహేలు పొయ్యి వైపు చూసింది, మాంసం వైపు చూసింది, గట్టు మీది క్రీం ప్యాకెట్టు, పాస్తా ప్యాకెట్టు చూసింది. చివరికి నన్ను చూసి గుర్తుపట్టింది.

"ఎవురొస్తుండారయ్యా ఇంటికి?"

"ఎవురూ రావడం లా."

"మరి ఇదంతా ఎవురికి?"

"నీకే."

ఆమె సంచీ కింద పెట్టి, చేతులు కడుక్కొచ్చి, అలవాటు కొద్దీ అట్లకాడ కోసం చెయ్యి చాపింది. "ఇట్టా ఇయ్యి, నేను చూస్తా."

"వద్దు" అన్నాడు కృపానందం. స్టూలును కాలితో ఆమె వైపు జరిపాడు. "నువ్వు కూర్చో."

రాహేలు కూర్చుంది. వంటింట్లో ఆమె కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. మొదట అంచున కూర్చుంది, ఎప్పుడైనా లేవాల్సి వస్తుందన్నట్టు. కాసేపటికి వీపు గోడకు ఆనించింది. ఇంకాసేపటికి కాళ్ళు చాపుకుంది. పొద్దుటినుంచి నిలబడి వాచిన కాళ్ళు. కృపానందం ఆ కాళ్ళను చూసి, చూపు తిప్పుకుని ఉల్లిపాయలు కలిపాడు.

"ఇంకా ఎంతసేపు?" అంది ఆమె.

"పది నిమిషాలు. తొందరపడకూడదు." ఆ మాట ఆయన నోట విని రాహేలు పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

నలభై నిమిషాలు నిండాయి. ఉల్లిపాయల్ని గిన్నెలోకి తీశాడు. మంట పెంచి, నా మీద పొగ లేచేదాకా ఆగాడు. రెండు ముక్కలు, దూరం దూరంగా. అవి నన్ను తాకగానే లేచిన చప్పుడు మీకెలా చెప్పను! ముప్పై ఏళ్ళుగా ఆ చప్పుడు కోసమే నేను బతికి ఉన్నానేమో. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ముట్టుకోకుండా నిలబడ్డాడు. మూడు నిమిషాలకు తిప్పాడు. ఎర్రగా, అంచులు కరకరలాడేలా పట్టింది. వెన్న, చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, కరిగిన వెన్నను చెంచాతో మాంసం మీద పోశాడు. ఇల్లంతా గుప్పుమంది.

మాంసం తీసి పళ్ళెంలో పెట్టాడు. క్రీం ప్యాకెట్టు కత్తిరించి నా మీదికి వంచబోయాడు. నేను ఇంకా పొగలు కక్కుతూనే ఉన్నాను. బుధవారం జరిగినదంతా మళ్ళీ జరగబోతోంది.

"మంట!" అంది రాహేలు స్టూలు మీదినుంచే. "మంట ఆర్పయ్యా, విరిగిపోద్ది!"

ఆయన చెయ్యి ఆగింది. మంట ఆర్పేశాడు. పక్క పొయ్యి మీద పాస్తా ఉడుకుతోంది, ఆ నీళ్ళు ఒక గరిటె పోయించింది ఆమె. నాకు అంటుకున్న ఎర్రటి సారమంతా ఆ నీళ్ళలో కరిగింది. అప్పుడు సన్నటి మంట మీద క్రీం, కాస్త జున్నులాంటి చీజ్ తురుము, తర్వాత ఉల్లిపాయలు. తెల్లటి క్రీం మెల్లగా లేత కాఫీ రంగుకు తిరిగి చిక్కబడింది. గొట్టాల్లాంటి పాస్తా వేసి కలిపాడు. పది నిమిషాలు ఊపిరి పీల్చుకున్న మాంసాన్ని నరానికి అడ్డంగా కోసి పైన పరిచాడు. లోపల లేత గులాబీ రంగు. ఇన్నాసయ్య చూసి ఉంటే ఒక్క మాట కూడా అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకపోవడమే పెద్ద మెచ్చుకోలు.

కంచాల్లోకి తీయలేదు. గోనెముక్క పరిచి నన్ను అలాగే బల్ల మీద పెట్టారు. ఇంట్లో ఫోర్కు ఒకటే ఉంది, అది ఆయనకిచ్చి రాహేలు చేత్తోనే తిన్నది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కృపానందం తినకుండా ఆమె ముఖమే చూస్తున్నాడు. సిగ్నల్ పడిందో లేదో చూస్తున్న మనిషిలా ఉన్నాడు.

"ఉప్పు రవ్వంత తగ్గింది" అంది.

"అవునా?"

"మిగతాదంతా..." అని ఇంకో ముద్ద పెట్టుకుంది. ఆ ముద్ద నమిలి, మూడోది కూడా తిన్నాక చెప్పింది. "నాకు ఎవరన్నా ఒండిపెట్టి ఎన్నేళ్ళయిందో తెలుసా? మా అమ్మ పోయినాక ఇదే."

కృపానందం ఫోర్కు కింద పెట్టాడు.

"ఆ బదిలీ కాయితం సంగతి నాకు తెలుసు" అన్నాడు. "ఆ రోజు స్నానాలగదిలోనే ఉన్నా."

రాహేలు చెయ్యి ఆగింది. "మరి అడగలేదేం?"

"ఏమని అడగాల? నువ్వు చెప్పింది నిజమే గదా. నేను ఇంటికి రావడం నేర్చుకున్నా గాని, ఇంట్లో ఉండటం నేర్చుకోలా." ఆగి, మెల్లగా అన్నాడు. "పోవాలనిపిస్తే పో. నేను అడ్డం రాను. కాకపోతే ఇది తిని పో."

ఆమె ఒక మాంసం ముక్క తీసి, క్రీంలో అద్ది, దాని మీద ఉల్లిపాయలు పెట్టి ఆయన ముందుకు జరిపింది. "ముందు తిను, చల్లారిపోద్ది" అంది. ఆయన తిన్నాక అంది: "రేపు ఇయ్యను. నెల రోజులు చూస్తా. ఫ్రిజ్ మీద కాయితం మాత్రం ఇయ్యాళే చించెయ్యాల."

"చించేస్తా."

"గేటు కాడ గడియారం చూడకూడదు."

"చూడను."

"మరి ఏం చేస్తావు గేటు కాడ?"

కృపానందం నిజంగానే ఆలోచించాడు. చాలా కష్టమైన ప్రశ్న అడిగినట్టు నుదురు రుద్దుకున్నాడు. చివరికి, కొత్త భాషలో మొదటి వాక్యం పలికే మనిషిలా, తడబడుతూ అడిగాడు.

"ఇయ్యాళ... ఆసుపత్రిలో ఎట్ట జరిగింది?"

రాహేలు ఆయన వైపు తేరిపార చూసింది. ఎగతాళి ఏమన్నా ఉందేమోనని వెతికింది. లేదు.

"పొద్దున్నే కొండాపురం కాడ్నించి ఒక పిల్లని తెచ్చినారు, నిండు చూలాలు" అని మొదలుపెట్టింది. "అంబులెన్సులోనే నొప్పులు. ఎంత చెప్పినా స్ట్రెచ్చర్ మీద పడుకోదే. మొగుడొస్తే గాని కననంటది. మొగుడేమో ఒడిశా కాడ లారీ మీద ఉండాడు..."

చెబుతూ చెబుతూ ఆమె నా అడుగున మిగిలిన క్రీంను వేలితో చుట్టి తీసుకుంటోంది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బల్ల మీద ఎండ ఇటు పక్కనుంచి అటు పక్కకు జరిగింది. నాలో వేడి ఇంకా పోలేదు. ఇద్దరి చేతులూ నా అంచు దగ్గరే ఉన్నాయి. ముప్పై ఏళ్ళ ఆసుపత్రి కబుర్లు ఆమె దగ్గర ఉన్నాయని, వాటిలో ఒక్కటి కూడా ఆయన వినలేదని నాకు తెలుసు.

రాహేలు ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఆ తర్వాత?" అన్నాడు కృపానందం.